కార్డు వెనక వైపు

మా దవాఖానా రికార్డులన్నీ క్లౌడ్‌లోకి వెళ్తున్నాయని చెప్పడానికి పెట్టిన మీటింగులో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది నేనే. నిప్పంటుకుంటే ఎలా అన్నాను. మూడు ఊళ్లలో మూడు నకళ్లు ఉంటాయన్నారు. ఎవడైనా దొంగతనంగా చూస్తే అన్నాను. తాళం ఉంటుంది, ఆ తాళం ఎవరు తీశారో తేదీతో, గంటతో రాసిపెట్టుకుంటుంది అన్నారు. మీ కంపెనీయే మూతపడితే అన్నాను. వెనక బెంచీల్లో నర్సులు కిసుక్కున నవ్వారు. పుణె నుంచి వచ్చిన ఆ టై కట్టుకున్న మనిషి మాత్రం నవ్వకుండా దానికీ జవాబు చెప్పాడు. పెద్ద పెద్ద బ్యాంకులు, ప్రభుత్వాలు తమ సమాచారమంతా అక్కడే పెట్టుకుంటున్నాయి, మీ కార్డులు వాటికంటే విలువైనవా మేడం అన్నాడు. విలువైనవే అన్నాను.

నాలుగేళ్లయింది. అతడు చెప్పిన ఒక్క మాటా అబద్ధం కాలేదు. ఒక్క కాగితం పోలేదు, ఒక్క అక్షరం చెరగలేదు. నా కడుపుమంట అదే. ఏదైనా పోయి ఉంటే ఆ క్లౌడ్‌ను నోరారా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టుకోవడానికి నేనే మిగిలాను.

నా పేరు మిరియం. చంద్రపూర్‌లో గని పనివాళ్ల కోసం ఒక ట్రస్టు నడిపే దవాఖానాలో రికార్డు రూము నాది. నాది అంటే సొంతమని కాదు, ఇరవై ఆరేళ్లు దాని తాళంచెవి నా బొడ్లోనే ఉండేదని. మా నాన్న మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గు పనికి వచ్చినవాడు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నేర్చింది చర్చిలో, బైబిలు ముందు పెట్టుకుని. అందుకే నేను తెలుగు రాస్తే పాస్టరుగారి ప్రసంగంలా ఉంటుందని మావాళ్లు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ.

గనిలో పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికోసారి మా దగ్గర పరీక్ష జరుగుతుంది. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి ఎంత గట్టిగా ఊదగలడో చూస్తారు, కళ్లూ చెవులూ చూస్తారు. అదంతా నేను ఒక అట్ట కార్డు మీద ఎక్కించేదాన్ని. ఎక్స్‌రే ఫిల్మును కవర్లో పెట్టి దానికి కుట్టేదాన్ని. కార్డుకు ముందు వైపు పేరు, తండ్రి పేరు, ఊరు, గని టోకెన్ నంబరు, ఏటేటా పరీక్ష వివరాలు ఉంటాయి. వెనక వైపు ఏమీ ఉండదు. పదకొండు వేల చిల్లర కార్డుల్లో అరవై మూడింటికి మాత్రం వెనక ఒక్కో వరుస ఉండేది. అవి మారుపేరు వాళ్ల కార్డులు.

మారుపేరు అంటే ఏమిటో బొగ్గు ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెప్తున్నాను. నౌకరీ కాగితం ఒకడి పేరున వస్తుంది. వాడికి జబ్బు చేస్తుంది, లేదా పొలం వదిలి రానంటాడు. వచ్చిన కాగితం పాడుచేసుకోవడం ఎందుకని తమ్ముడో బావమరిదో ఆ పేరు తగిలించుకుని గనిలో దిగుతాడు. ఆ రోజుల్లో వేలిముద్రలు అడిగిందెవరు? టోకెన్ నంబరు పిలిచినప్పుడు మనిషి పలికితే చాలు. అలా ముప్పై ఏళ్లు పలికినవాళ్లున్నారు. ఇంట్లో పెళ్లాం ఒక పేరుతో పిలుస్తుంది, గనిలో పని చేయించే సర్దార్ ఇంకో పేరుతో పిలుస్తాడు. మనిషి రెండింటికీ పలుకుతాడు.

మా పాత పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి తెలుసు. ఆయన ఎవరి మీదా చాడీలు చెప్పే మనిషి కాదు. కానీ ఎదురుగా కూర్చున్న ఒళ్లు ఎవరిదో వైద్యుడికి తెలియాలి కదమ్మా అనేవారు. అందుకని కార్డు వెనక ఎర్రసిరాతో, ఈ మనిషి అసలు పేరు ఫలానా, అసలు వయసు ఇంత అని ఒక్క వరుస రాసి, సంతకం చేసి, దవాఖానా ముద్ర కొట్టేవారు. ఆయన చనిపోయి పన్నెండేళ్లయింది. ఆ తర్వాత ఆ వరుసల సంగతి నాకు తప్ప దవాఖానాలో ఎవరికీ తెలియదు.

ఆ అరవై ముగ్గురిలో సిలువయ్య ఒకడు. మా చర్చి మనిషి, బాబుపేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. నౌకరీ కాగితం వచ్చింది అతనికి కాదు, వాళ్లక్క సత్తమ్మ భర్త హనుమంతుకు. హనుమంతుకు గోండ్‌పిప్రి దగ్గర వరి పొలం ఉంది. నాకెందుకొచ్చిన బొగ్గు, నువ్వే పో అన్నాడు బావమరిదితో. ఇరవై నాలుగేళ్ల సిలువయ్య ఆ కాగితం పట్టుకుని హనుమంతై గనిలో దిగాడు. ముప్పై రెండేళ్లు దిగుతూనే ఉన్నాడు. బావ నాలుగేళ్లు పెద్దవాడు కాబట్టి ఇతన్ని రిటైరు చేసింది కూడా నాలుగేళ్లు ముందుగానే.

కార్డులు స్కాన్ చేయడం మొదలైన నెలలో, అంటే అతనికి ఇంకా ఏడాది నౌకరీ ఉండగా, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సిలువయ్యా అతని భార్య దీనమ్మా నాతోపాటే నడుచుకుంటూ మా ఇంటి దాకా వచ్చారు. సిలువయ్య గడప దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లె, కార్డులన్ని కంప్యూటర్ల ఎక్కిస్తున్నరట గద?"

"అవునన్నా. క్లౌడ్ల పెడుతున్నం."

"అంటే నాగపూర్ల గని ఆఫీసోళ్లకు గూడ కనవడుతదా?"

"నాగపూర్ ఏంది, ముంబైల కూసున్నోళ్లకు గూడ కనవడుతది."

అతను కాసేపు తన చెప్పుల వైపు చూశాడు. "మరి ఎనకది?"

నేను జవాబు చెప్పేలోగా మళ్లీ తనే అన్నాడు. "ఇంకొక్క యాడాదే ఉన్నది చెల్లె. గిప్పుడు బయటవడితే నౌకరీ పోతది, పోలీసులొస్తరు. నా ఒక్కనిదే గాదు, శానమంది బతుకులున్నయి అండ్ల."

"మిరియం, దాన్ని ఎక్కియ్యకు. నీ కాళ్లు మొక్కుత," అని దీనమ్మ నిజంగానే వంగి నా కాళ్లు పట్టుకుంది. నేను కంగారుగా లేపాను.

వాళ్లు అడగకపోయినా నేను అదే చేసేదాన్ని. ఇది మనవాళ్ల గుట్టు, ముంబైలో ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఎందుకు తెలియాలి అనుకున్నాను. అరవై మూడు కొంపలు నా చేతిలో ఉన్నాయని, వాటిని నేను నిలబెడుతున్నానని లోపల పొంగిపోయాను కూడా. పొగరు అంటే అదే. అప్పుడు దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

స్కానింగు చూసుకునే పిల్ల సౌజన్య. బల్లార్‌పూర్‌లో తెలుగు ఇంట్లోనే పుట్టింది గానీ నోట్లో సగం మరాఠీ. పని మంచిదే, మనసూ మంచిదే. నన్ను మావశీ, అంటే పిన్ని అని పిలుస్తుంది. మొదటి పెట్టె తెరిచిన రోజే అడిగింది.

"మావశీ, మాగచీ బాజూ? ఎనక సైడు గూడ తియ్యాల్నా?"

"ఎనక ఖాళీ. ఏం లేదు."

"సగ్ళీ? అన్నీ ఖాళీనేనా?"

"ఇరవై అయిదేండ్ల సంది నేను రాసిన కార్డులు. నాకు ఎరుక లేదానే? ఖాళీనే."

"అయితే ఈడ మీ లాగిన్‌తోని ఒక టిక్ కొట్టుండ్రి."

తెర మీద చిన్న గడి. దాని పక్కన, అన్ని కార్డుల వెనక వైపు పరిశీలించాను, ఏమీ లేదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. నొక్కాను. దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. టీ తాగడానికి వెళ్లాం.

మరీ అంత బుద్ధి లేనిదాన్నేమీ కాదు. ముందు వైపు స్కాన్ అయ్యాక ఆ అరవై మూడు కార్డులనూ ఒక ఇనప పెట్టెలో వేరుగా దాచాను. క్లౌడ్‌లో ఉన్నది వాళ్లకు, పెట్టెలో ఉన్నది నాకు. ఎప్పుడైనా అవసరం పడితే తీసి చూపిద్దాం అనుకున్నాను. మరుసటి ఏడాది గర్భసంచి ఆపరేషనై నేను మూడు వారాలు సెలవులో ఉన్నాను. తిరిగొచ్చి తాళం తీయబోతే రికార్డు రూముకు తాళమే లేదు. లోపల కదలని సైకిళ్లు, తాళ్లు, పరుపులు. నడుంనొప్పి వాళ్లకు వ్యాయామం చేయించే గదిగా మార్చేశారు.

మా ఆఫీసు పెద్ద అనంతరావు దగ్గరికి పరుగెత్తాను. ఆయన మరాఠీ మనిషే, బాబుపేటలో పెరిగాడు కాబట్టి మనలాగే మాట్లాడతాడు.

"స్కాన్ అయి, తనిఖీ అయిన కాగితం ఉంచొద్దని రూలు మిరియంబాయి. అన్ని ముక్కలు జేసి కాగితాల మిల్లుకు పంపినం. తనిఖీ అయిందని మీరే గద రాసిచ్చిండ్రు?"

"సార్, ఒక ఇనప డబ్బా ఉండే."

"అండ్ల గూడ గవే కార్డులు గదా. డబ్బా తుక్కోనికి పోయింది. ఏం, మీ సామానేమన్న ఉండెనా?"

ఏం లేదు సార్ అన్నాను. వెనక ఖాళీ అని తానే రాసిచ్చిన కార్డులు పోయాయని ఏడ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ నెలలోనే సిలువయ్య దండలు వేయించుకుని, స్వీట్లు పంచి, మర్యాదగా రిటైరయ్యాడు. గండం గడిచింది, ఇక ఆ కార్డులతో పనేముంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఈ ఫిబ్రవరిలో సిలువయ్య దగ్గుతూ దవాఖానాకు వచ్చాడు. బాబుపేట నుంచి ఆటోలో వచ్చి, ఆటో దిగి గుమ్మం దాకా నడవడానికి మూడుసార్లు ఆగాడు. కొత్త డాక్టరు స్నేహలత చూసింది. చిన్న వయసే, చేయి మంచిది. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చాలాసేపు చూసి నన్ను పక్కకు పిలిచింది.

"బొగ్గు దుమ్ము మేడం. రెండు ఊపిరితిత్తులూ గట్టిపడ్డయి. నాగపూర్‌ల దుమ్ము జబ్బుల వార్డు ఉన్నది. ఆడ పెడితే ఇంకో నాలుగైదేండ్లు ఉంటడు. ఈడ ఉంటే నెల గూడ కష్టమే."

ఆ వార్డులో మంచాలు పన్నెండే. గనిలో పనిచేసినట్టు, ఏటేటా ఛాతీలో దుమ్ము పెరిగినట్టు రికార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు. ఆ రికార్డు మా క్లౌడ్ నుంచి నేరుగా వాళ్లకు వెళ్తుంది. మనిషి వేలు పెడితే చాలు, వేలిముద్రను బట్టి అసలు పేరు తెలిసి ఆ పేరు మీది రికార్డు తెరుచుకుంటుంది. స్నేహలత సిలువయ్య వేలిని యంత్రం మీద పెట్టించింది. తెర మీద పేరు వచ్చింది. సిలువయ్య, వయసు యాభై తొమ్మిది. గని నౌకరీ లేదు. పాత పరీక్షలు లేవు.

"కాకా, మీరు గనిల ఎన్నేండ్లు చేసిండ్రు?" అని అడిగింది.

"ముప్పై రెండు బిడ్డా."

"ఈడ ఒక్క దినం గూడ కనవడుతలేదు."

సిలువయ్య మెల్లిగా తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తప్పు తనదే అన్నట్టు చూశాడు.

నా బల్ల దగ్గరికి వెళ్లి నా లాగిన్‌తో హనుమంతు రికార్డు తెరిచాను. ఒక్క క్షణంలో వచ్చింది. ముప్పై ఏళ్ల చిల్లర పరీక్షలు, ఏ ఒక్కటీ తప్పకుండా. మొదటి ఎక్స్‌రేలు అద్దంలా ఉన్నాయి. పద్నాలుగేళ్ల కిందటి దాంట్లో ఆవగింజలంత చుక్కలు మొదలయ్యాయి. ఏడాది ఏడాదికీ పెరిగి, చివరిదాంట్లో రెండు వైపులా తెల్లగా కమ్ముకున్నాయి. మా అన్న ఊపిరి ఎలా పోయిందో మెట్టు మెట్టుగా అక్కడుంది. పైన ఫోటో ఉండాల్సిన చోట తెల్ల మచ్చ ఉంది. ఇరై నది ఊళ్లోకి వచ్చిన ఏడాది నీళ్లలో నానిపోయిన ఫోటో అది.

"ఈ ఎక్స్‌రే, ఆ ఎక్స్‌రే పక్కపక్కన పెడితే ఇద్దరు ఒక్కరేనని ఎవలైనా జెప్తరు," అంది నా వెనకే వచ్చి చూసిన స్నేహలత. కానీ నా లాగిన్‌తో చూడడం వరకే, తీసి సిలువయ్య పేరున పంపడం కుదరదు. వేలు ఎవరిదైతే వాళ్ల రికార్డు మాత్రమే డాక్టరుకు తెరుచుకుంటుంది. ఇంకొకరిది చూడనివ్వదు. ఇది తప్పు కాదు మావశీ, పేషెంట్ల గుట్టు కాపాడతందుకే గిట్ల చేసిండ్రు అంది సౌజన్య. నాకు తెలుసు. మీటింగులో ఆ రక్షణ కావాలని అడిగిందే నేను.

ఇక దాచడానికి ఏమీ లేదు. అనంతరావు గదిలోకి వెళ్లి, నిలబడి, అంతా చెప్పేశాను. అరవై ముగ్గురి సంగతి కాదు, సిలువయ్య సంగతి మాత్రం. కార్డు వెనక పెద్ద డాక్టరుగారి రాత ఉండేదని, ఖాళీ అని నేను అబద్ధం చెప్పానని చెప్పాను. ఆయన విని, సౌజన్యను పిలిచి ఒక కాగితం తీయించి నా ముందు పెట్టాడు.

"చదువుండ్రి మిరియంబాయి. పదకొండు వేల రెండు వందల పద్నాలుగు కార్డులు, అన్నిటి ఎనక ఖాళీ. పేరు మీది, తేదీ, మధ్యాహ్నం పన్నెండు నలభై. గప్పుడు జెప్పింది అబద్ధమా, గిప్పుడు జెప్పేది అబద్ధమా? నాగపూర్‌కు నేనేమని రాయాలె?"

ఇరవై తొమ్మిదేళ్లు ఈ దవాఖానాలో నేను ఊఁ అంటే ఊఁ, కాదంటే కాదు. నా మాటే రికార్డు. ఇప్పుడు నా మాటకు నా మాటే అడ్డం వచ్చింది.

అనంతరావు చెడ్డవాడు కాదు. అది కూడా చెప్పాలి. ఫోనులో నాగపూర్ వాళ్లతో గంటసేపు మాట్లాడి ఒక దారి కనుక్కున్నాడు.

"గా హనుమంతు బతికే ఉన్నడా?"

"ఉన్నడు సార్. గోండ్‌పిప్రి దగ్గర."

"ఆయన వచ్చి వేలు పెట్టి, ఈ రికార్డు నాది గాదు అనాలె. అంటే ఆ రికార్డు ఆయన పేరు నుంచి విడుస్తది. అప్పుడు డాక్టర్ రాత, మీ వాంగ్మూలం పెట్టి సిలువయ్యకు జోడిస్తం. మీ మీద విచారణ మాత్రం తప్పది."

"కానియ్యుండ్రి సార్," అన్నాను. నౌకరీ పోయినా నాకు ఆ పూట లెక్కలేదు.

సత్తమ్మకు ఫోన్ చేశాను. నేను సగం చెప్పేలోపే, "నా తమ్ముడు గాదా మిరియం? రేపు మొదటి బస్సుకే తోలుకొస్త," అంది. అన్నట్టే మర్నాడు పొద్దున కోఠారి మీదుగా వచ్చే బస్సులో భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. హనుమంతుకు అరవై మూడేళ్లు. దిట్టమైన మనిషి, వెడల్పాటి ఛాతీ. బావమరిది ఇంటికని అయిదు కిలోల బియ్యం సంచీ భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కినా రొప్పు లేదు. వరండాలో బల్ల మీద ముక్కుకు గొట్టం పెట్టుకుని కూర్చున్న సిలువయ్యను చూసి అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు, నేను చూశాను.

"గిట్లయినవేందిరా సిలువ? ఫికర్ జేయకు. నేను జెప్త. నాలుగు మాటల పనే గద," అని బావమరిది తల నిమిరాడు. దీనమ్మ అతనికి దండం పెట్టింది.

లోపలికి వెళ్లింది అనంతరావు, సౌజన్య, నేను, హనుమంతు. అతను వేలు పెట్టాడు. వెంటనే పచ్చ రంగు వెలిగింది. అతని పేరు, తండ్రి పేరు, ఊరు, కింద ముప్పై రెండేళ్ల నౌకరీ. తెర వైపు కళ్లప్పగించి చూశాడు.

"కాకా, మీరు జెప్పే ముందుగాల ఇది చదివి వినిపించాలె. రూలు," అని సౌజన్య తెర మీదున్నది తెలుగులో చెప్పింది. తన పేరును ఇంకొకరు వాడుకున్నారని ఒప్పుకుంటే, వాడుకున్న మనిషితోపాటు పేరు ఇచ్చిన మనిషి మీద కూడా కేసు పెట్టవచ్చు. ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం కుదరదు. అది ఎప్పటికీ భద్రంగా ఉంటుంది.

"ఎప్పటికీ అంటే?" అని అడిగాడు హనుమంతు.

"ఎప్పటికీ అంటే ఎప్పటికీ కాకా. మీరు పోయినంక గూడ ఉంటది," అంది ఆ పిల్ల. ఏ పాపమూ తెలియకుండా, నవ్వుతూ, క్లౌడ్ గొప్పతనం చెప్తున్నట్టు చెప్పింది.

హనుమంతు అనంతరావు వైపు తిరిగాడు. "నా కొడుకు పోలీసు భర్తీకి పెట్టుకున్నడు సార్. వచ్చే నెల పరుగు పందెం ఉన్నది. ఈ కేసు గీసు వానికేమన్న అడ్డం వస్తదా?"

"నేనేం జెప్పలేను," అన్నాడు అనంతరావు. "రాకపోవచ్చు. వస్తే రావచ్చు."

"హనుమంతన్నా," అన్నాను నేను, "బయట నీ బామ్మర్ది ఊపిరి ఆడక కూసున్నడు. గా ఒక్క మాట అనుండ్రి. కేసంటే నా మీద ఏసుకుంట. నేనే చేయించిన అంట."

అతను నా వైపు చూడలేదు. మంచినీళ్లు అడిగాడు. సౌజన్య ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, మెల్లిగా బల్ల మీద పెట్టి, అనంతరావుతో అన్నాడు.

"సార్, నాదే."

"ఏంది?"

"ఈ రికార్డు నాదే. గనిల నేనే చేసిన."

నాకు ఒళ్లు తెలియలేదు. "ఏ గనిల చేసినవయ్యా? ఏ షిఫ్టు? నీ సర్దార్ పేరేంది, జెప్పు! నెత్తి మీద దీపం ఎట్ల కట్టుకుంటరో ఎరుకేనా నీకు? నీ ఛాతీ చూసుకో ఒకపారి! అందులో మా అన్న మింగిన బొగ్గు ఉన్నదా, నీ వరి అన్నం ఉన్నదా?" అని అరిచాను. అంతమాట అనకూడదు. అన్నాను. అనంతరావు లేచి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. సౌజన్య బిక్కచచ్చిపోయి తెర వైపు చూస్తోంది. అక్కడ దాని పని అది చేసుకుపోతోంది. రికార్డు యజమాని వేలితో, మాటతో సరిపోయింది అని వచ్చింది. చివరి ఎక్స్‌రేలో ఛాతీ చెడిందని దానికి ముందే తెలుసు కాబట్టి, నాలుగు నిమిషాల్లో నాగపూర్ నుంచి ఇంకో మాట కూడా వచ్చింది. హనుమంతు, వయసు అరవై మూడు, దుమ్ము జబ్బుల వార్డులో ఏడో నంబరు మంచం కేటాయించడమైనది. పది రోజుల్లోగా చేరవలెను.

మేం బయటికి రాగానే సిలువయ్యకు అర్థమైపోయింది. హనుమంతు అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సిలువ, పిలగానిది పోలీసు నౌకరీ..." అని ఆగిపోయాడు. సిలువయ్య ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, ఒక్కో మాటకూ ఆగుతూ, "మంచిది బావ... వానికన్న... నౌకరీ రానియ్యి," అన్నాడు. అది విని సత్తమ్మ బియ్యం సంచీ తీసి భర్త కాళ్ల దగ్గర విసిరికొట్టింది. ఆమె ఆ రోజు అతనితో బస్సెక్కలేదు. ఇప్పటికీ వెళ్లలేదు.

దీనమ్మ మాత్రం హనుమంతును ఒక్క మాట కూడా అనలేదు. నా దగ్గరికి వచ్చింది.

"మిరియం, దాచిపెట్టుమని నీ కాళ్లు మొక్కిన గద గా దినం. గా మొక్కు నాకు వాపస్ ఇయ్యి," అంది.

ఏమివ్వాలి? నన్ను కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

స్నేహలత ఊరుకోలేదు. మామూలు రోగిలా నాగపూర్ పెద్ద దవాఖానాకు రాసింది. అక్కడ జనరల్ వార్డులో వరస ఉంది, కబురు చేస్తామన్నారు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. రోజూ అదే జవాబు. ఆ ఏడో నంబరు మంచం సంగతేమిటని అడిగేదాన్ని. అది హనుమంతు కోసం పట్టి ఉంచాం మేడం, ఆయనింకా రాలేదు, ఇంకొకరిని పడుకోబెట్టలేం అనేవారు. అక్కడా వేలే అడుగుతారు. హనుమంతు ఎందుకు వస్తాడు, అతనికి జబ్బేది? మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, ఆక్సిజన్ గొట్టం గోడకు తగిలించి ఉంచారట. మొదటి రోజు ఫోనెత్తిన నర్సు చెప్పింది.

ఎనిమిదో రోజు పొద్దున పదింటికి సిలువయ్య మా దవాఖానాలోనే చనిపోయాడు. కూర్చునే పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడక మూడు రోజులుగా కూర్చునే ఉన్నాడు. సాయంత్రం సమాధి చేశాం. పాస్టరుగారు కష్టజీవి అని, విశ్వాసి అని ఏవో చెప్పారు. గనిలో అతనితో పనిచేసినవాళ్లు నలభై యాభై మంది వచ్చారు. వాళ్లలో మారుపేరు వాళ్లు ఎవరో నాకు తెలుసు. ఒక్కరూ నా కళ్లలోకి చూడలేదు. నా పేరు చెప్పకక్కా అని అడగడానికి కూడా దగ్గరికి రాలేదు. భయం ఎంత దూరం వెళ్లిందో అప్పుడు తెలిసింది.

మూడో రోజు పనిలోకి వెళ్లాను. విచారణ తేలేదాకా నా లాగిన్ తీసేయలేదు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు మరి. తెర తెరవగానే ఎర్రగా ఒక మాట కనబడింది. హనుమంతు, ఏడో నంబరు మంచం, గడువు ముగిసింది, రోగి చేరలేదు, కారణం ఎంచుకోండి. కింద మూడే కారణాలున్నాయి. రోగికి నయమైంది. రోగి వేరే దవాఖానాలో చేరాడు. రోగి నిరాకరించాడు. నాలుగోది రాసుకోవడానికి చోటు లేదు. చాలాసేపు వెతికాను. సౌజన్యను పిలిచి అడిగాను. లేదు మావశీ అంది.

మూసేసి కూర్చున్నాను. పదకొండింటికి నాగపూర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, ఆ మంచం మీవైపు నుంచి వదిలితే గానీ మాకు తెరుచుకోదు. మీ సాస్తి గని దిక్కు మనిషే ఒకాయన పొద్దున్నుంచి బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఊపిరి ఆడడం లేదు. కాస్త తొందరగా చెయ్యండి."

ఫోన్ పెట్టేశాను. రోగి నిరాకరించాడు అన్నదాని మీద నొక్కాను. రెండు నిమిషాల్లో ఏడో నంబరు మంచం ఇంకొకరి పేరు మీదికి మారింది. ఆ పేరు నిజంగా ఆ మనిషిదేనా అని నేను అడగలేదు.